పులసకు అడ్డుగోడ

ఖరగ్‌పూరు స్టేషనులోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫారం ఒకనాడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో కొలువులకై తరలివచ్చి, ఆ ఊళ్లోనే స్థిరపడిన ఆంధ్రులు చాలామంది. వానాకాలంలో బెంగాలీ పొరుగువారు ‘ఇలిష్’ అని మురిసిపోయే చేప వారికి కొత్తది కాదు. సముద్రంలో విలస; గోదావరి ఎర్రనీటికి ఎదురీదిన తర్వాత అదే పులస. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత మనది. బెంగాలీల మోజు అంతకు తక్కువదేమీ కాదు!

ఈ చేప పెరిగేది ఉప్పునీటిలో. గుడ్లు పెట్టేది మంచినీటిలో. గంగలో పూర్వం ప్రయాగ వరకు ఎదురీదేది. 1975లో ఫరక్కా బ్యారేజి పనిచేయనారంభించింది. కలకత్తా రేవు పూడిపోకుండా హుగ్లీలోకి 40,000 క్యూసెక్కుల దాకా నీరు మళ్లించడం దాని ఉద్దేశం. రేవు మాట ఎలా ఉన్నా, బీహారు జాలరుల వలల్లో ఇలిష్ అరుదైపోయింది. సాల్మన్ చేపవలె ఎగిరి దూకే నేర్పు పాపం, దీనికి లేదు.

అడ్డు తొలగితే చేప తిరిగి వస్తుందా? అమెరికాలోని కెన్నెబెక్ నది మీద 1837లో కట్టిన ఎడ్వర్డ్స్ ఆనకట్టను, యజమానుల అభీష్టానికి విరుద్ధంగా ప్రభుత్వ సంఘమే తొలగించమన్నది. 1999 జూలై 1న దానికి గండి కొట్టారు. 162 ఏళ్లు మూసుకుపోయిన దారి తెరుచుకోగానే షాడ్ చేపలు ఎగువకు సాగాయి. షాడ్ మన పులసకు దగ్గర చుట్టమే.

ఫరక్కాను తొలగించాలని 2016 వరదల తర్వాత బీహారు ముఖ్యమంత్రి నితీశ్ కుమార్ కోరారు. ఆయన బాధ చేప గురించి కాదు, ఒండ్రు గురించి. కాని ఆ కట్టడం మీదుగానే రైలూ రోడ్డూ పోతున్నాయి. బంగ్లాదేశ్‌తో 1996లో కుదిరిన 30 ఏళ్ల నీటి ఒప్పందానికి కొలమానమూ అక్కడి ప్రవాహమే. కెన్నెబెక్ ఆనకట్టకు ఇంతటి బరువు లేదు.

అందుచేత బారక్‌పూర్‌లోని మత్స్య పరిశోధన సంస్థ మరో మార్గం పట్టింది. దిగువన దొరికిన ఇలిష్‌లను ప్రాణాలతో మోసుకుపోయి, కొన్నింటికి గుర్తుబిళ్లలు తగిలించి, బ్యారేజికి ఎగువన వదిలింది. పడవల లాకును చేపలు దాటే వేళల్లో తెరిచి ఉంచాలన్న పథకాన్ని 2019లో ప్రభుత్వం ప్రకటించింది.

ఇక ధవళేశ్వరం. 1852లో కాటన్ దొర పూర్తిచేసిన ఆనకట్ట వల్లనే డెల్టా అన్నపూర్ణ అయింది. దాని స్థానంలో వెలసిన బ్యారేజిని తీసివేయమని అడిగే గొంతు గోదావరి సీమలో వినబడదు. పులస ఆ గోడ దాకా వస్తుంది. జాలరి దిగువనే వల పన్ని కూర్చుంటాడు.