పాత్రను బట్టి అంకె

ఒక దినమున రెండున్నర మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని కురిసినచో దానిని వానదినమని వాతావరణశాఖవారు లెక్కింతురు. మన అనంతపురము సీమలో విత్తిన వేరుశెనగ వాడుచుండగా ఎన్నాళ్లు వాన లేదను లెక్క కరవును నిర్ణయించుటకు ఒక ఆధారము. ఈ లెక్కలు నేడు కంప్యూటరులో జరుగుచున్నవి. ఆ యంత్రము అంకెను ఎట్లు పట్టుకొనునో చెప్పదలచితిని.

యంత్రమునకు పని చెప్పు భాషలలో అంకెను ఒక పేరుగల పాత్రలో ఉంచుదురు. ‘వాన = 3’ అనగా వాన యను పాత్రలో మూడు పోయుమని అర్థము. ‘వాన = వాన + 2’ అని వ్రాసినచో, ఇదెట్లు సమమగునని బడిలెక్క చదివినవారు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. ఆ జంటగీతలు ఇచట సమానమని చెప్పవు. పాతదానికి రెండు కలిపి తిరిగి అందే ఉంచుమని చెప్పును.

పాత్రలలో ఒక విధము గొఱ్ఱెల లెక్క వంటిది. అందు అరగొఱ్ఱె యుండదు. వేఱొకటి గింజల కొలత వంటిది. అర సేరును పట్టును, పావు సేరును పట్టును. బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సీ భాషలో 2.9ను గొఱ్ఱెల పాత్రలో పోసినచో 2 మాత్రమే నిలుచును, తక్కినది నేలపాలు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినపుడు మూడణాలకు లెక్కప్రకారము 18.75 పైసలు రాగా చట్టము 19గా సవరించెను. సీ భాష 18 అనును.

భాగహారము ఇంతకంటె కపటమైనది. ఒక మండలమున రెండు వానమాపకములున్నవనియు, ఒకదాన 2, వేఱొకదాన 3 మిల్లీమీటర్లు పడినవనియు, సగటును బట్టి దినమును నిర్ణయింతురనియు అనుకొందము. సగటు రెండున్నర గనుక అది వానదినమే. కాని సీ భాషలో 5ను 2చే భాగింపుమనిన, రెండును పూర్ణాంకములగుటచే 2 వచ్చును. దానిని భిన్నములు పట్టు పాత్రలో పోసినను 2.0 అగునే గాని 2.5 కాదు, పోయినది ముందే పోయినది. భాగించుటకు ముందే 5ను 5.0గా మార్పవలెను. పైథాన్ భాషలో 2008లో వెలువడిన మూడవ కూర్పు మొదలు ఇదే భాగహారము నేరుగా 2.5 ఇచ్చును, అంతకు ముందు 2 యే యిచ్చెడిది. ఆ మార్పు నాకు మిక్కిలి నచ్చినది.

కావున మీ మండలపు వానలెక్కపై సందేహము కలిగినచో సగటుతో తృప్తినొందక, ఒక్కొక్క మాపకపు అంకెను గూడ అడుగుడు. అవి చేతనున్నచో వ్రేళ్లు మడిచియే సరిచూడవచ్చును.