ఆస్పత్రి వ్యర్థాల బూడిద: పొగ కన్నా బూడిదలోనే డయాక్సిన్లు అధికం

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి: మహబూబాబాద్‌లో 2022లోను, జనగామ, భూపాలపల్లిలలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. వైద్య సేవలు విస్తరించిన కొద్దీ ఆస్పత్రి వ్యర్థాలూ, వాటిని కాల్చగా మిగిలే బూడిదా పెరుగుతాయి.

పసుపు సంచులలోని వ్యర్థాలను కాల్చే ఇన్సినరేటర్ రెండవ గదిలో ఉష్ణోగ్రత దాదాపు 1050 డిగ్రీల సెల్సియస్ ఉండాలని, వాయువులు అందులో కనీసం రెండు సెకన్లు నిలవాలని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాలు నిర్దేశించాయి. పొగగొట్టం నుండి వెలువడే డయాక్సిన్లు, ఫ్యురాన్లు ఘనపు మీటరుకు 0.1 నానోగ్రాముల విషతుల్యాంకాన్ని మించరాదు. అంతటి వేడిమిలో ఈ విషాలు నశిస్తాయి. అయితే వాయువులు చల్లబడుతూ సుమారు 450 నుండి 200 డిగ్రీల మధ్యకు చేరినపుడు ధూళి కణాలపై మిగిలిన కర్బనం, క్లోరిన్ కలిసి, రాగి వంటి లోహాల ప్రేరణతో, అవే పదార్థాలు తిరిగి ఏర్పడతాయి. వడపోత పరికరాలు ఆ ధూళిని పట్టి ఉంచుతాయి. అంటే గొట్టం నుండి పొగ ఎంత శుభ్రంగా వెలువడితే ఫ్లై యాష్‌లో విషం అంతగా చేరుతుంది. పొగగొట్టం వైపు మాత్రమే చూసే తనిఖీకి ఇది చిక్కదు.

కొలిమి అడుగున మిగిలే బూడిదలో ఇవి తక్కువే, వ్యర్థం పూర్తిగా కాలినట్లయితే. అందుకే ఆ బూడిదలో మొత్తం సేంద్రియ కర్బనం 3 శాతం లోపుగాని, మండించినపుడు తరుగు 5 శాతం లోపుగాని ఉండాలన్న నిబంధన ఉన్నది.

డయాక్సిన్లలో అత్యంత విషపూరితమైన టి.సి.డి.డి.ని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మానవులకు క్యాన్సర్ కారకమని నిర్ధారించింది. ఇవి నీటిలో కరగవు, కొవ్వులో నిలుస్తాయి. మానవ శరీరంలో చేరిన మోతాదు సగానికి తగ్గడానికి 7 నుండి 11 ఏళ్లు పడుతుంది. బూడిద గాలికెగిరి పచ్చిక బయళ్లపై పడితే పశువుల మేత ద్వారా పాలలోకి, పాల ద్వారా పిల్లలకు చేరగలదు.

భూపాలపల్లి జిల్లాలో ఈ విషయమై మరింత స్పష్టత అవసరం. చెల్పూరులోని కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం 500, 600 మెగావాట్ల యూనిట్ల మూలంగా బొగ్గు బూడిద అక్కడివారికి పరిచితమే. అటువంటి బూడిదను ఇటుకలకు, సిమెంటుకు వినియోగించడం పరిపాటి. ఇన్సినరేటర్ బూడిద ఆ కోవకు చెందదు. దానిని ఇటుక బట్టీలకు తరలించడం, గుంతలు పూడ్చడానికి వాడడం తగదు. ప్రమాదకర పదార్థాలు పరిమితిని మించినట్లయితే దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల శుద్ధి కేంద్రానికే పంపవలసి ఉంటుంది.

సగం నివారణ ఆస్పత్రి వార్డులోనే జరగాలి. ఎర్ర సంచులలో వేయవలసిన సెలైన్ గొట్టాలు, ప్లాస్టిక్ సీసాలు పసుపు సంచిలోకి చేరితే కొలిమికి క్లోరిన్‌ను అందించినట్లే. ఆరోగ్య కేంద్రాల ఆవరణలో వ్యర్థాలను బహిరంగంగా తగులబెట్టడం ఇంకా హానికరం. ఆ మంటకు తగినంత వేడిమీ లేదు, వడపోతా లేదు.

బూడిద ఏడాదికి ఎన్ని కిలోలు వచ్చినదీ, ఎక్కడికి పంపినదీ శుద్ధి కేంద్రాలు జూన్ 30లోగా కాలుష్య నియంత్రణ మండలికి సమర్పించే నాలుగవ నమూనా వార్షిక నివేదికలో చూపాలి. కాల్చిన వ్యర్థాల పరిమాణంతో ఆ అంకెను పోల్చి చూడడం అధికారులకు, పాత్రికేయులకు సాధ్యమే.