పెరటి మరువము – మురుగు పారుదల

మన కృష్ణా డెల్టా రైతులకు నీటి విలువను గూర్చి వేఱుగ జెప్ప నక్కఱలేదు. 1855వ సంవత్సరమున విజయవాడవద్ద ఆనకట్ట ముగిసిన నాటినుండియు, 1957లో దానికి మాఱుగ ప్రకాశం బ్యారేజి వెలసిన తరువాతను, కాలువ నీరే మనకు జీవనాధారముగ నున్నది. చేను నిండ నీరు నిలిచినచో రైతు మనస్సు నిండును. కాని వరికి బనికివచ్చిన యీ యలవాటు పెరటిలోనికి వచ్చినపుడు కొన్ని మొక్కలకు ప్రాణాంతక మగుచున్నది. అట్టివానిలో మరువ మొకటి.

మరువపు రెమ్మలను మన స్త్రీలు మల్లెలతోను, కనకాంబరములతోను జేర్చి మాలలు గట్టుదురు. ఈ మొక్కను నాటువారు పలువురు. రెండవ యేడు నిలుపుకొనువారు కొలదిమంది. శ్రావణ భాద్రపదముల వానలకు క్రింది యాకులు పసుపువన్నె దిరిగి, కొమ్మలు వాడిపోవును. వాడినది గదా యని యింటివారు మఱియొక బిందెడు నీరు పోయుదురు. మొక్క చచ్చును.

దీనికి గారణము సులభముగ దెలియదగినదే. వేళ్లకు నీటితోపాటు గాలియు గావలయును. నల్లరేగడి మన్ను తడిసి యుబ్బినపుడు గాలి చొరదు. వేళ్లు కుళ్లిన మొక్క నీటిలోనే యుండియు నీటిని బీల్చజాలదు. కావున తడినేలలో వాడిన మరువమునకు దాహమని తలపరాదు.

మరువము పుట్టినిల్లు మధ్యధరా సముద్రపు తూర్పు తీరమందలి సైప్రసు, తుర్కీ ప్రాంతములు. అచ్చట వేసవి పొడిగ నుండును. వానలు శీతకాలమున గురియును. రాతివాలులపై నీరు నిలువదు. ఐరోపావారు చిక్కుడు జాతి గింజలతో వండుకొను వింటరు సేవరీ యను మొక్కయు నీ కుటుంబములోనిదే. దానికిని ఎండయు, నీరు నిలువని నేలయు వలయును. పుదీనాయు నీ కుటుంబములోనిదే యైనను తడిని సహించును. పుదీనాను జూచి మరువమునకు నీరు పోయరాదు.

నాటుటకు ముందు నేలను బరీక్షింపవలెను. ఎండ బాగుగ దగులు చోట అడుగు లోతు గుంట త్రవ్వి నీరు నింపుడు. అది యింకిన పిమ్మట ప్రొద్దుట మరల నింపుడు. సాయంకాలమునకును నీరు మిగిలియున్నచో నచ్చట మడిని ఎత్తు చేయక తప్పదు. రేగడిలో నాలుగు గంపల యిసుక చల్లినంత మాత్రమున లాభము లేదు. రెండు పాళ్లు ఒండ్రుమన్ను, ఒక పాలు ఇసుక, ఒక పాలు బాగుగ జివికిన పశువుల యెరువు కలిపి, అడుగెత్తు, మూడడుగుల వెడల్పు గల మడి గట్టవలెను. చుట్టును బోదె తీసి పల్లమునకు దారి చూపవలెను. ఎరువు హెచ్చినచో ఆకు పెరుగును గాని వాసన తగ్గును.

తుపాను వానలు వెనుకబట్టిన మార్గశిరమున, పూతలేని కొమ్మలను నాలుగంగుళముల పొడవున ద్రుంచి, క్రింది యాకులు దీసి, రెండు కణుపులు మన్నులో నుండునట్లు నీడలో నాటుడు. మూడు నాలుగు వారములలో వేళ్లూనును. పిమ్మట మడిలో అడుగు కొక మొక్క చొప్పున నాటవలెను. వ్రేలు రెండవ కణుపువఱకు గ్రుచ్చి చూచినపుడు మన్ను పొడిగ నున్ననే ప్రొద్దుట మొదట నీరు పోయుడు. రోహిణి కార్తె యెండలకు మధ్యాహ్నము తాటాకు పందిరి చాలును. వానలకు ముందే కొన్ని కొమ్మలను కుండలలో నాటి చూరు క్రింద నుంచినచో, మడి పోయినను విత్తు పోదు.

చివుళ్లను త్రుంచుచుండిన మొక్క గుబురగును. పూతకు ముందు కోయవలెను. క్రింద ఆకులుగల భాగమును విడువవలెను. ముదిరిన కొయ్య సులభముగ జిగురింపదు. అమ్మదలచినవారు తెల్లవాఱుజామున గోసి తడిగుడ్డలో జుట్టి పంపవలెను. పూల వర్తకుని విచారింపక హెచ్చుగ నాటుట వివేకము గాదు. ఒక మడితో నారంభించుట మేలు.

ఇక సభ్యులందఱికిని సంబంధించిన విషయ మొకటి కలదు. ఒక్కని బోదె యెంత చక్కగ నున్నను, వీథి చివరి మురుగు కాలువ పూడియున్నచో నీరు వెనుకకే వచ్చును. మన మురుగును పొరుగువాని పెరటిలోనికి మళ్లించుట సహకారము గాదు. జ్యేష్ఠము ముగియక ముందే ఇంటి కొక మనిషి చొప్పున గూడి యా కాలువను బాగుచేసికొన్నచో మరువమే గాదు, మిరపయు, వంగయు, ఇంటి గోడయు గూడ నిలుచును. నీటిని దెచ్చుకొనుట యెంత ముఖ్యమో, సాగనంపుటయు నంత ముఖ్యమని మన సభ్యులు గ్రహింతురు గాక.