దేవదాసును మోసిందెవరు?
(పాత ప్రేమ నవలలు, వాటి కొత్త రూపాలు - ఒక పరిచయం)

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మన హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు, ముందు పోటీ పరీక్షల గురించి రాద్దామనుకున్నాను. కానీ ఆ సంగతులు చెప్పేవాళ్ళు మీకు చాలామంది ఉన్నారు. అందుకని ఈ హాస్టల్లో మేము ట్రంకు పెట్టెల అడుగున దాచుకొని చదివిన ప్రేమ నవలల గురించి రాస్తున్నాను. పెద్దలు మన్నించాలి.

అప్పుడు ఖానాపూర్ ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి నిర్మల్ జిల్లాలో ఉంది. మా రోజుల్లో రూముకు ఒక నవల వచ్చిందంటే పండుగే. ఒకసారి మా మిత్రుడొకడు నిర్మల్ నుంచి యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ అద్దెకు తెచ్చాడు. దానికి అట్ట లేదు, కుట్టు ఊడిపోయి మూడు ముక్కలయింది. ముగ్గురం తలా ఒక ముక్క తీసుకున్నాం. నా వంతుకు చివరి ముక్క వచ్చింది. కథ ఎట్లా ముగుస్తుందో మొదటి రోజే తెలిసిపోయింది. అయినా మొదటి ముక్క కోసం రెండు రోజులు ఎదురుచూశాను. స్టడీ అవర్లో లెక్కల పుస్తకం మధ్యలో పెట్టుకొని చదివాను.

ముగింపు తెలిసిన కథ కోసం ఎందుకంత ఆరాటం? ఈ ప్రశ్నకు జవాబు దొరికితే, పాత ప్రేమ కథలను కొత్త కాలం వాళ్ళు మళ్ళీ మళ్ళీ ఎందుకు చెబుతారో కూడా అర్థమవుతుంది.

అడ్డంకిలోనే కథ

ప్రేమ కథలో ఇద్దరు కలుస్తారా లేదా అనేది పైకి కనిపించే ప్రశ్న. అసలు కథ వాళ్ళ మధ్య నిలిచిన అడ్డంకిలో ఉంటుంది. డబ్బు, కులం, అంతస్తు, అహంకారం, పిరికితనం - వీటిలో ఏదో ఒకటి. ‘సెక్రటరీ’లో జయంతి పేదపిల్ల. రాజశేఖరం ధనవంతుడు. అతని దగ్గర ఉద్యోగం చేస్తూ కూడా ఆమె తల వంచదు. మాకు నచ్చింది అతని కారూ బంగళా కాదు, ఆమె ఆత్మాభిమానం. జీతం కోసం పనిచేసే మనిషి యజమాని ముందు నిటారుగా నిలబడడం మా ఊళ్ళలో మేము ఎక్కువగా చూసింది కాదు.

తెలుగు పాఠకులకు ఈ రుచి పాతదే. కొవ్వలి లక్ష్మీనరసింహారావు చిన్న చిన్న నవలలు రైల్వేస్టేషన్లలో అమ్ముడుపోయేవి. శరత్ బెంగాలీ నవలలను చక్రపాణి వంటివారు ఎంత సహజంగా తెలుగు చేశారంటే, శరత్ తెలుగువాడేనని నమ్మినవాళ్ళు ఉన్నారు. 1960లలో ‘సెక్రటరీ’ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో సినిమా అయింది. కోడూరి కౌసల్యాదేవి ‘ప్రేమనగర్’ 1971లో తెరకెక్కింది. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ 1969లో సినిమాగా వచ్చినప్పుడు దానికి మాటలు రాసింది మన పాత కరీంనగర్ జిల్లా హనుమాజీపేటలో పుట్టిన సి.నారాయణరెడ్డిగారే. పుస్తకం చదివినవాళ్ళు సినిమాకు పోయి “మా నవలలో ఇట్లా లేదే” అని గొణిగేవాళ్ళు. ఆ గొణుగుడు కూడా ఒక ఆనందమే. కథ తమ సొంతమనుకున్నవాళ్ళే అట్లా గొణుగుతారు.

మళ్ళీ చెప్పడంలో మూడు దారులు

పాత కథను మళ్ళీ చెప్పడం కాపీ కొట్టడం కాదు. పరీక్షలో పక్కవాడి జవాబు దించుకోవడానికీ, మాస్టారు చెప్పిన లెక్కను మనం ఇంకో పద్ధతిలో చేయడానికీ ఎంత తేడా ఉందో ఇక్కడా అంతే. ఈ పనికి ముఖ్యంగా మూడు దారులున్నాయి.

మొదటిది, ఊరూ కాలమూ మార్చడం. ఇంగ్లండ్ రచయిత్రి జేన్ ఆస్టెన్ 1811లో ‘సెన్స్ అండ్ సెన్సిబిలిటీ’ ప్రచురించింది. ఇల్లూ ఆస్తీ పోగొట్టుకున్న అక్కచెల్లెళ్ళ కథ అది. 2000లో రాజీవ్ మీనన్ ఆ కథను తమిళనాడు చెట్టినాడు ఇంటికి తెచ్చాడు. తెలుగులో ‘ప్రియురాలు పిలిచింది’ అని మనమూ చూశాం. గుర్రపు బండ్లు పోయి రైళ్ళు వచ్చాయి. ఆస్తి లేని ఆడపిల్ల కష్టం మాత్రం ఇక్కడా అర్థమయింది. అట్లాగే యద్దనపూడి ‘మీనా’ 1973లో విజయనిర్మల దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. 2016లో ‘అ ఆ’ చూసిన పాఠకులు “ఇది మన మీనా కథే గదా” అని వెంటనే గుర్తుపట్టారు. ఇక్కడ ఒక మర్యాద ఉంది. పాత కథను వాడుకున్నవాళ్ళు పాత రచయిత పేరు చెప్పాలి. మీరు గోడపత్రికకు రాసేటప్పుడు కూడా దీన్ని మరవకండి.

రెండవది, ముగింపు మార్చడం. శరత్ ‘దేవదాసు’ 1917లో అచ్చయింది. 1953లో అక్కినేని, సావిత్రి నటించిన తెలుగు సినిమాను మన తాతల తరం ఏడుస్తూ చూసింది. 2009లో హిందీలో అనురాగ్ కశ్యప్ తీసిన ‘దేవ్.డి’లో హీరో చావడు. తాగుడు నుంచి బయటపడి మళ్ళీ బతుకు వైపు తిరుగుతాడు. తాగి చావడమే గొప్ప ప్రేమ అనే మాటను ఆ సినిమా ఒప్పుకోలేదు. నవలను శ్రద్ధగా చదివితే శరత్ కూడా ఆ మాట అనలేదని తెలుస్తుంది. అర్ధరాత్రి ధైర్యం చేసి వచ్చింది పార్వతి. తండ్రికి భయపడి వెనక్కి తగ్గింది దేవదాసు. పైగా చేపల గాలపు కర్రతో ఆమె నుదుటి మీద కొట్టి మచ్చ చేశాడు. మగపిల్లలం దీన్ని చదివి “పాపం దేవదాసు” అంటాం. ఆడపిల్లల హాస్టల్లో ఇదే నవల చదివితే “పాపం” ఎవరి పక్కన చేరుతుందో ఒకసారి ఆలోచించండి.

మూడవది, చూసే కన్ను మార్చడం. నా లెక్కన ఇదే అన్నిటికంటే పెద్ద పని.

హాస్టల్ పిల్ల ప్రేమ కథ

ప్రపంచంలో పేరుపొందిన ఒక ప్రేమ నవలలో నాయిక మన వంటి హాస్టల్ పిల్లే. షార్లెట్ బ్రాంటీ 1847లో రాసిన ‘జేన్ ఎయిర్’లో జేన్ అనాథ. ధర్మానికి నడిపే ఒక బడి హాస్టల్లో పెరుగుతుంది. అక్కడ చలి, చాలీచాలని తిండి, మాడిపోయిన గంజి. జ్వరాలు వచ్చి పిల్లలు చనిపోతారు. ఆమె ప్రాణస్నేహితురాలు క్షయతో పోతుంది. అట్లాంటి చోట చదువుకొని జేన్ ఒక పెద్ద బంగళాలో పంతులమ్మగా చేరుతుంది. యజమాని రోచెస్టర్‌ను ప్రేమిస్తుంది. పేదదాన్నయినంత మాత్రాన నాకు మనసు లేదా అని అతన్ని ముఖం మీదే అడుగుతుంది. మన జయంతికి ఈమె పెద్దక్క వంటిది.

అయితే ఆ బంగళా పైఅంతస్తు గదిలో ఒక మనిషి బందీగా ఉంది. ఆమె రోచెస్టర్ మొదటి భార్య బెర్తా, జమైకా ద్వీపం నుంచి వచ్చిన స్త్రీ. నవల పొడుగునా ఆమె అరుపులు వినిపిస్తాయి గానీ ఆమె మాట ఒక్కటీ వినిపించదు. నూరేళ్ళకు పైగా పాఠకులు ఆమెను పిచ్చిది అనుకొని పేజీ తిప్పేశారు. కరీబియన్ ద్వీపాల్లోనే పుట్టిన జీన్ రీస్ అనే రచయిత్రి అట్లా తిప్పలేకపోయింది. ఆ గదిలో ఉన్నది తన ప్రాంతపు మనిషి కదా! 1966లో ‘వైడ్ సర్గాసో సీ’ అనే నవల రాసి ఆమె బాల్యాన్నీ, ఆమె పెళ్ళినీ, ఆమె కోపాన్నీ ఆమె వైపు నుంచి చెప్పింది. ఆ తర్వాత ‘జేన్ ఎయిర్’ చదివేవాళ్ళు పైగది దగ్గర ఆగకుండా ఉండలేరు.

మేఘం నుంచి గబ్బిలం దాకా

ఇదంతా ఎక్కడో జరిగిందనుకోవద్దు. మన తెలుగులో ఈ పని అంతకు ముందే జరిగింది. కాళిదాసు ‘మేఘసందేశం’లో భార్యకు దూరమైన యక్షుడు మేఘంతో కబురు పంపుతాడు. విరహానికి అంతకంటే పేరున్న కావ్యం లేదు. 1941లో గుర్రం జాషువ అదే పద్ధతి తీసుకొని ‘గబ్బిలం’ రాశారు. ఇక్కడ కబురు పంపేది అంటరానివాడని ఊరు వెలివేసిన మనిషి. అతను పంపేది ప్రియురాలికి కాదు, కాశీలో ఉన్న శివుడికి. మేఘం బదులు గబ్బిలాన్ని ఎందుకు ఎంచుకున్నాడు? గుడి లోపలికి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. యక్షునికి విరహం బాధ. ఇతనికి ఆకలీ అవమానమూ బాధ. అందమైన పాత పాత్రలోనే తన దుఃఖాన్ని పోసి చూపించారు జాషువ. కాళిదాసును తక్కువ చేయలేదు. ఆయన పక్కన తన మనిషిని నిలబెట్టారు.

ఈ మధ్య మన పక్కనున్న ఆర్మూరు నేపథ్యంగా శేఖర్ కమ్ముల తీసిన ‘లవ్ స్టోరీ’ (2021) కూడా ఈ దారిలోదే. పాత సినిమాల్లో “అంతస్తు” అనే మాట చాటున దాగిన అడ్డంకిని అందులో కులం అని దాని పేరుతోనే పిలిచారు.

ఒక పిల్లవాడి ప్రశ్న

ఇక నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం చెబుతాను. మొన్నొక ఆదివారం మన హాస్టల్‌కు వచ్చినప్పుడు వరండాలో కూర్చొని పిల్లలకు దేవదాసు కథ చెప్పాను. చివరి ఘట్టం మీకు తెలిసిందే. పార్వతిని ఒక్కసారి చూడాలని దేవదాసు తెల్లవారుజామున రైలు దిగి, ఎడ్లబండి కట్టించుకొని ఆమె ఊరు చేరి, జమీందారు ఇంటి ముందు రావిచెట్టు కింద ప్రాణం విడుస్తాడు. పిల్లలంతా మౌనంగా ఉన్నారు. తొమ్మిదో తరగతి పిల్లవాడొకడు అడిగాడు: “సచ్చినంక ఆయన్ను ఎవలు మోసిండ్రు సార్? ఆ ఊర్ల ఆయనకు ఎవ్వలు లేరు గద!”

నాకు జవాబు రాలేదు. సినిమాల వల్ల మనకు గుర్తుండేది పరుగెత్తే పార్వతి, మూసుకునే పెద్ద తలుపులు. ఇంటికి పోయి పుస్తకం తీశాను. జవాబు అందులోనే ఉంది. బ్రాహ్మణుని శవమైనా ఆ ఊళ్ళో ఎవరూ ముట్టలేదు. చివరికి చండాలురు వచ్చి కట్టి తీసుకుపోయారు. ఎండిన చెరువు గట్టున సగం కాలిన శవాన్ని వదిలేశారు. శరత్ దానికి ఒకటి రెండు వాక్యాలే ఇచ్చాడు. మోసినవాళ్ళకు పేర్లు లేవు. చెట్టు కింద గడ్డి పరిచి అతన్ని పడుకోబెట్టిన బండివానికీ పేరు లేదు.

ఆ నవల నేను కనీసం నాలుగుసార్లు చదివాను. మా తాత ఊళ్ళో ప్రతి చావుకూ డప్పు కొట్టినవాడు. అయినా ఆ వాక్యాల దగ్గర నేను ఒక్కసారీ ఆగలేదు. కన్నీళ్ళన్నీ జమీందారు కొడుకు కోసం ఖర్చుపెట్టాను. మావాళ్ళు ఆ కథలో ఉన్నారని కూడా గమనించలేదు. గమనించింది ఆ పిల్లవాడు.

దీనర్థం ‘దేవదాసు’ను పక్కన పడేయమని కాదు. ఆ వాక్యాలు రాసి పెట్టింది శరత్ కాబట్టే మనకు ఆ ప్రశ్నకు జవాబు దొరికింది. మంచి నవల అన్నీ చెప్పదు. అడిగేవాడి కోసం కొంత దాచి ఉంచుతుంది. మళ్ళీ చెప్పడం అట్లా అడగడంతోనే మొదలవుతుంది.

అందుకే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ప్రేమ నవలలు చదవండి. సిగ్గుపడవలసిన పని లేదు. చదివాక మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ ఇద్దరినీ ఆపుతున్నది నిజంగా ఏమిటి? ఈ కథలో మాట లేనివాళ్ళు ఎవరు? ఈ కథ మా ఊళ్ళో జరిగితే నేను ఎక్కడ నిలబడి ఉంటాను? మూడో ప్రశ్నకు జవాబు రాస్తే అదే మీ కొత్త కథ.

మన హాస్టల్ విద్యార్థులకూ, ఎక్కడెక్కడో స్థిరపడిన పూర్వ విద్యార్థులకూ వార్షికోత్సవ శుభాకాంక్షలు. ఆ పిల్లవాడు ఇప్పుడు పదో తరగతి. బండి తోలినాయన కథ రాస్తున్నానని చెప్పాడు. ఇంకా పూర్తి కాలేదట. ముగింపు మనందరికీ తెలిసిందే. అయినా నేను ఎదురుచూస్తున్నాను.

- ఒక పూర్వ విద్యార్థి, ఖానాపూర్