టమాటా, పొట్టి ఆవు, పొద్దుటి రైలు: మన ఊళ్ళు నేర్పే వ్యాపారం

 

మన మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుంచి తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏం బిజినెస్ పెడితే బాగుంటుంది?" నేను వెంటనే పేరు చెప్పను. తిరిగి ఇంకో ప్రశ్న అడుగుతాను. "రేపు ఏదో ఒకటి మారితే, నీ బిజినెస్‌లో మొదట దెబ్బ తగిలేది ఎక్కడ?" ఈ రోజు మాట్లాడుకునేది అదే. మార్పు వచ్చినప్పుడు వ్యాపారం మొత్తం ఒక్కసారిగా చెడిపోదు. ముందు ఒక చోట తగులుతుంది. ఆ చోటు ఏదో కనిపెట్టినవాడు సర్దుకుంటాడు.

ముందు బేసిక్స్ చూద్దాం. ఏ వ్యాపారమైనా చేసే పనులు నాలుగే. కొనడం, తయారు చెయ్యడం, అమ్మడం, లెక్క చూసుకోవడం. ఇడ్లీ బండి తీసుకోండి. బియ్యం, ఉద్దిపప్పు, టమాటా తేవడం కొనడం. పిండి రుబ్బి, ఇడ్లీ వేసి, చట్నీ చెయ్యడం తయారీ. బస్టాండు దగ్గర నిలబడి ప్లేటు చేతికివ్వడం అమ్మకం. రాత్రికి ఎంత వచ్చింది, ఎంత పోయింది అని రాసుకోవడం లెక్క. పెద్ద కంపెనీలో ఈ నాలుగింటికి నాలుగు డిపార్ట్‌మెంట్లు ఉంటాయి. బండి దగ్గర నాలుగూ ఒక్క మనిషే చేస్తాడు. అంతే తేడా.

ఇప్పుడు చిన్న లెక్క. ఇవి నేను ఉదాహరణకు వేసుకున్న అంకెలు. ప్లేటు 30 రూపాయలు. ఆ ప్లేటుకి సరుకు, గ్యాసు కలిపి 18 రూపాయలు ఖర్చు. అంటే ప్లేటుకి 12 మిగులుతుంది. అమ్మినా అమ్మకపోయినా రోజూ కట్టాల్సినవి, అంటే స్థలం బాడుగ, పనిమనిషి కూలీ కలిపి 480 అనుకుందాం. 480ని 12తో భాగిస్తే 40. అంటే మొదటి 40 ప్లేట్లు ఖర్చులకే పోతాయి. 41వ ప్లేటు నుంచి మీ సంపాదన మొదలవుతుంది. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు.

ఉన్నట్టుండి టమాటా రేటు పెరిగి, చట్నీ వల్ల ప్లేటుకి ఇంకో 3 రూపాయలు ఖర్చయింది అనుకోండి. మిగిలేది 9. ఇప్పుడు 480ని 9తో భాగిస్తే 54 ప్లేట్లు కావాలి. మూడు రూపాయలే కదా అనిపిస్తుంది. కానీ రోజూ 14 ప్లేట్లు అదనంగా అమ్మితేగానీ పాత చోటికి రాలేరు. ఈ మార్పు తగిలింది 'కొనడం' దగ్గర. కాబట్టి సర్దుబాటు కూడా అక్కడే వెతకాలి. నాలుగు రోజులు టమాటా చట్నీ ఆపి, శెనక్కాయల చట్నీ పెట్టొచ్చు. ఊరికే బోర్డు మార్చి, లైట్లు కడితే ఈ సమస్య పోదు.

ఇది కథ కాదు. 2023 జూలైలో జరిగిందే. ఆ నెలాఖరుకి మన మదనపల్లె మార్కెట్లో మొదటి రకం టమాటా కిలో 190 రూపాయలు దాటింది. కేంద్రం ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర మార్కెట్లలో కొనిపించి ఢిల్లీలో తక్కువ రేటుకి అమ్మించింది. నేపాల్ నుంచి కూడా టమాటా వచ్చింది. మెక్‌డొనాల్డ్స్ అంతటి కంపెనీ ఉత్తర, తూర్పు భారతంలో చాలా చోట్ల బర్గర్లలో టమాటా పెట్టడం ఆపేసింది. మన బండి మనిషి శెనక్కాయల చట్నీకి మారినట్టే వాళ్ళూ మారారు.

మరి సెప్టెంబరుకి ఏమైంది? రేటు కూలిపోయింది. రాయలసీమలో కోత కూలీ కూడా రాదని రైతులు టమాటా రోడ్డు పక్కన పారబోశారు. రెండు నెలల్లోనే. రేటు పెరిగింది చూసి అందరూ నారు పోశారు. నాటిన రెండు, రెండున్నర నెలలకు అందరి పంటా ఒకేసారి మార్కెట్టుకి వచ్చింది. మార్కెట్లో ఈరోజు రేటు నిన్నటి కొరత గురించి చెబుతుంది. మీ పంట కోతకొచ్చే రోజు రేటు గురించి చెప్పదు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలా అప్పులు తప్పుతాయి.

ఇక్కడే ఇంకో విషయం చూడండి. టమాటాలో దాదాపు 94 శాతం నీళ్ళే. 100 కిలోలు ఎండబెట్టి పొడి చేస్తే సుమారు 6 కిలోలు వస్తుంది. టమాటా కిలో 10 ఉన్నప్పుడు కిలో పొడికి పడే సరుకు ఖర్చు దాదాపు 167 రూపాయలు. అదే టమాటా 100 ఉంటే 1,667. అంటే రైతు ఏడ్చే రేటు దగ్గర పొడి చేసేవాడి పని మొదలవుతుంది. ఒకే మార్పు ఒకరికి నష్టం, పక్కవాడికి అవకాశం. రైతులే పదిమంది కలిసి ఆ రెండో పని కూడా పెట్టుకుంటే? పడిపోయిన రేటు వాళ్ళని పూర్తిగా ముంచదు. దానికి డ్రయ్యర్, కరెంటు, ప్యాకింగ్, కొనేవాళ్ళు, ఫుడ్ లైసెన్సు అన్నీ కావాలి. తేలిక పని అని నేను చెప్పడం లేదు. కానీ నీరుగట్టువారిపల్లెలో టమాటా మార్కెట్టు, పట్టు మగ్గాలు పక్కపక్కనే ఉన్నాయి చూడండి. నేసిన చీర ఈ నెల అమ్ముడుపోకపోతే వచ్చే నెల అమ్ముకోవచ్చు. టమాటా ఆగదు. సరుకు ఎన్ని రోజులు ఆగగలదు అన్నదే చాలాసార్లు బేరంలో ఎవరి మాట నెగ్గుతుందో తేలుస్తుంది.

ఇంతసేపూ మూడు రకాల వ్యాపారాల గురించి మాట్లాడేశాం. చీర నెయ్యడం, పొడి చెయ్యడం తయారీ. మండీలో కొని లారీకెత్తి చెన్నైకో ఢిల్లీకో పంపడం వర్తకం. మూడోది సేవ. లారీ బాడుగకి తిప్పడం, మొబైల్ రిపేరు, ట్యూషన్, బ్యూటీ పార్లర్ ఇవన్నీ సేవలు. తయారీలో పెట్టుబడి మిషన్లో ఇరుక్కుంటుంది. వర్తకంలో సరుకులో, అప్పు ఇచ్చినవాళ్ళ దగ్గర ఇరుక్కుంటుంది. సేవలో ఎక్కువగా మీ టైమే పెట్టుబడి. మీరు పడుకుంటే గల్లా కూడా పడుకుంటుంది.

సరే, పుంగనూరు వెళ్దాం. పుంగనూరు ఆవు మీకు తెలుసు. రీల్స్‌లో చూసే ఉంటారు. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పాలు తక్కువే ఇస్తుంది గానీ వెన్న ఎక్కువ. కొద్ది మేతతో, కరువులో కూడా బతుకుతుంది. మరి అంత మంచి ఆవు ఎందుకు తగ్గిపోయింది? ఎక్కువ పాలు కావాలని జెర్సీ, హెచ్‌ఎఫ్ జాతులతో సంకరం చేశారు. పాలను లీటర్లలో లెక్కేసే రైతుకి పొట్టి ఆవు అక్కర్లేకపోయింది. జాతి అంతరించే దాకా వెళ్ళింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రంలో దాన్ని కాపాడుకుంటూ వచ్చారు.

తర్వాత కథ మారింది. 2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెట్టిన ఫోటోలు దేశమంతా చూసింది. అప్పటికే పెరుగుతున్న గిరాకీ ఇంకా పెరిగింది. ఇప్పుడు ఈ ఆవుకి లక్షల్లో రేటు పలుకుతుంది. ఆవు మారలేదు. కొనేవాడు మారాడు. ఒకప్పుడు రైతు పాలకోసం కొన్నాడు. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదు వాళ్ళు ఇంటి ముందు ముచ్చటగా ఉంటుందని, పూజకని కొంటున్నారు. ఇక్కడ మార్పు 'అమ్మకం' దగ్గర వచ్చింది.

మరి అందరం అప్పు చేసి పుంగనూరు ఆవులు పెంచేద్దామా? ఒక్క నిమిషం ఆగండి. ఈము పక్షులు గుర్తున్నాయా? మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. మన ఆంధ్రలో, తమిళనాడులో ఊరూరా ఈము ఫారాలు వెలిశాయి. గుడ్లు, మాంసం, నూనె అన్నారు. నిజానికి ఈము మాంసం కొని తినేవాళ్ళు తక్కువ. చాలా వరకు కొత్తగా ఫారం పెట్టేవాళ్ళే పిల్లల్ని కొనేవాళ్ళు. 2012లో ఈరోడ్ వైపు ఈము కంపెనీలు కూలిపోయాయి. డబ్బు కట్టిన మామూలు జనం మునిగారు. అందుకే ఏ వ్యాపారానికైనా ఈ పరీక్ష పెట్టండి. నా సరుకుని చివరిగా వాడుకునేది ఎవరు? సమాధానం "నాలాగే ఈ బిజినెస్ పెట్టేవాడు" అయితే వెనక్కి రండి. పుంగనూరు ఆవుకి పాలు, పేడ, ముచ్చట అనే నిజమైన వాడకం ఉంది. కానీ ఫ్యాషన్ కొంత తగ్గినా రేటు తగ్గుతుంది. ఆవు మాత్రం రోజూ మేత అడుగుతుంది. దాన్ని స్టాక్ క్లియరెన్స్ సేల్‌లో పెట్టలేం కదా.

ఇప్పుడు కుప్పం. మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక పక్క కర్ణాటక, ఇంకో పక్క తమిళనాడు. పొద్దున రైలెక్కితే బెంగళూరు. ఎంతోమంది పిల్లలు ఆ రైల్లోనే పనికి పోతారు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. ఇంజినీరింగ్, మెడికల్ కాలేజీలు వచ్చాయి. దాంతో ఊరికి వచ్చే మనుషులు మారారు. హాస్టళ్ళు, మెస్సులు, జిరాక్స్, బైక్ సర్వీసు లాంటి సేవలకి గిరాకీ పుట్టింది. ఇక్కడ మారింది దారి, జనం. ఊరు విడిచిపోయే రైలే ఊరికి కస్టమర్లని కూడా తెస్తుంది. స్టేషన్ దగ్గర టిఫిన్ పెట్టేవాడు తొమ్మిదికి షాపు తెరిస్తే లాభం లేదు. రైలు టైమే అతని టైము.

కుప్పం వాళ్ళకి ఒక హెచ్చరిక కూడా. మామూలుగా సరుకులు అమ్మే వ్యాపారం ఏడాదికి 40 లక్షల టర్నోవర్ దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి. సేవలకైతే 20 లక్షలు. కానీ పన్ను ఉన్న సరుకుని రాష్ట్రం దాటించి అమ్మితే ఈ 40 లక్షల మినహాయింపు వర్తించదు. కృష్ణగిరి, కేజీఎఫ్ మనకి పక్కూర్లే గానీ చట్టానికి వేరే రాష్ట్రాలు. ముందే ఆడిటర్‌ని అడగండి.

చివరిగా, వ్యాపారం ఎవరి పేరు మీద? ఒక్కరే నడిపితే సొంత వ్యాపారం. పెట్టడం తేలిక, కానీ అప్పు మీ ఇంటిదాకా వస్తుంది. ఇద్దరు ముగ్గురు కలిస్తే పార్ట్‌నర్‌షిప్. మీ పార్ట్‌నర్ వ్యాపారం కోసం చేసిన అప్పు మీ మీదకి కూడా వస్తుంది. కాబట్టి ఫ్రెండ్ అయినా కాగితం రాసుకోండి. ప్రైవేట్ లిమిటెడ్‌లో కంపెనీ వేరు, మీరు వేరు. అందుకే మీ బాధ్యతకి హద్దు ఉంటుంది. అయితే ఏటా లెక్కలు ఫైల్ చెయ్యాలి. బ్యాంకు మీ సొంత గ్యారంటీ అడిగితే ఆ హద్దు కూడా పోతుంది.

చాలామంది కలిసి చేసేవి కూడా ఉన్నాయి. చిత్తూరు సహకార డెయిరీ ఒకప్పుడు జిల్లా పాడి రైతులకు పెద్ద దిక్కు. అది 2002లో మూతపడింది. 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. అందులో సభ్యులంతా మహిళలే. పాలు పోసే అక్కలే యజమానులు. అవే పాలు, అదే ప్రాంతం. కట్టిన తీరు మారింది. ఇలాంటి ప్రొడ్యూసర్ కంపెనీ పెట్టడానికి కనీసం పదిమంది ఉత్పత్తిదారులు చాలు. ఇందాక చెప్పిన టమాటా పొడికి ఈ దారి ఆలోచించొచ్చు.

పెద్దవాళ్ళు సర్దుకోవడం కూడా మన పక్కనే చూడొచ్చు. తిరుపతి దగ్గర 1985లో మొదలైన అమరరాజా బ్యాటరీస్ లెడ్ బ్యాటరీలతో ఎదిగింది. ఎలక్ట్రిక్ బండ్లు వస్తున్నాయని లిథియం వైపు అడుగేసి, 2023లో పేరు కూడా అమరరాజా ఎనర్జీ అండ్ మొబిలిటీగా మార్చుకుంది. పాత లెడ్ బ్యాటరీల పని మాత్రం ఆపలేదు. పాతదాని సంపాదన మీద నిలబడి కొత్తదాని మీద చెయ్యి వేసింది. ఇడ్లీ బండికి కూడా ఇదే పద్ధతి. ఇడ్లీ ఆపి పిజ్జా పెట్టొద్దు. ఇడ్లీ నడుస్తుండగా సాయంత్రం ఒక కొత్త ఐటెం పెట్టి చూడండి.

మీరు చెయ్యాల్సింది చెబుతాను. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే క్యూఆర్ కోడ్ పెట్టుకోండి. ఇంటి డబ్బు, షాపు డబ్బు ఒకే ఫోన్‌పేలో కలిస్తే లాభమా నష్టమా ఎప్పటికీ తెలియదు. ప్రతి ఆదివారం ఒక పేజీలో మూడు లైన్లు రాయండి. ఈ వారం నేను కొనే రేటు మారిందా? నా దగ్గర కొనేవాళ్ళు మారారా? సరుకు, మనుషులు వచ్చే దారి మారిందా? మూడింటికీ "లేదు" అయితే హాయిగా పని చేసుకోండి. ఒక్కదానికి "అవును" అని వచ్చినా, ఆ చోటే చిన్నగా సర్దండి. అప్పు తెచ్చి మొత్తం మార్చెయ్యకండి.

బెంగళూరు రైలెక్కినా తప్పు లేదు, ఊర్లోనే బండి పెట్టినా చిన్నతనం లేదు. ఏది చేసినా ప్లేటుకి ఎంత మిగులుతుందో తెలిసి చెయ్యండి. మీ ఊర్లో మీరు చూసిన వ్యాపారం ఒకటి తీసుకుని, పైన చెప్పిన మూడు లైన్లు దానికి రాసి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో అప్పు గురించి, వడ్డీ లెక్కల గురించి మాట్లాడుకుందాం.