కాంపౌండ్ విల్లు ఎంపిక

కాంపౌండ్ విల్లు అనగా రెండు కొనలలో కామ్‌లు అనే చక్రాలు, వాటిని కలిపే కేబుళ్లు గల ఆధునిక విల్లు. ప్రపంచ స్థాయి లక్ష్య విలువిద్య పోటీలలో ప్రధానంగా వాడే రెండు రకాల విల్లులలో ఇది ఒకటి. రెండవది రికర్వ్ విల్లు. రికర్వ్ విల్లును లాగే వ్యక్తి తన చేతుల పొడవును బట్టి ఎంతవరకైనా లాగి ఆపవచ్చు. కాంపౌండ్ విల్లు అలా కాదు. కామ్ ఎక్కడ ఆగాలని అమర్చి ఉన్నదో నారి అక్కడనే ఆగుతుంది. కావున ఒకరి కొలతకు అమర్చిన విల్లు మరొకరికి సరిపోవటం అరుదు. కాంపౌండ్ విల్లు ఎంపికలో ధర, పేరు, వేగం అనేవి తరువాతి విషయాలు. విల్లు విలుకాని శరీరానికి సరిపోవటమే మొదటి విషయం.

పేరు, పూర్వ చరిత్ర

హైదరాబాదు పాతబస్తీలో 'కమాన్' అనే మాట తెలియనివారు ఉండరు. చార్మినారుకు ఉత్తరాన, గుల్జార్ హౌజ్ చుట్టూ నాలుగు దిక్కులలో నిలిచిన తోరణాలను చార్‌కమాన్ అంటారు. పారశీక భాషలో 'కమాన్' అనగా విల్లు. విల్లువలె వంగి ఉన్నందున తోరణానికి కూడా అదే పేరు వచ్చింది. ఉర్దూలో బాణాన్ని 'తీర్' అనీ, విలువిద్యను 'తీరందాజీ' అనీ అంటారు.

పూర్వం దక్కను, మొఘల్ సైన్యాలు వాడిన విల్లులు కొయ్య, కొమ్ము, జంతువుల నరాలు కలిపి అతికించినవి. వీటిని కాంపోజిట్ విల్లులు అంటారు. పేర్లు దగ్గరగా ఉండటం వలన విద్యార్థులు ఈ రెండింటిని ఒకటిగా పొరబడటం కద్దు. కాంపోజిట్ అనే పేరు విల్లు తయారైన పదార్థాలను బట్టి, కాంపౌండ్ అనే పేరు దానిలోని చక్రాల యంత్రాంగాన్ని బట్టి వచ్చినవి. ఆ కాలపు విలుకాండ్రు నారిని బొటనవ్రేలితో లాగేవారు. వ్రేలు తెగకుండా గట్టి రాతితో గాని, కొమ్ముతో గాని చేసిన ఉంగరం ధరించేవారు. మూసీనది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా వద్ద గల సాలార్‌జంగ్ మ్యూజియంలో మొఘల్ చక్రవర్తి షాజహానుదిగా చెప్పబడే జేడ్ రాతి ఉంగరం ఇటువంటిదే. నేటి కాంపౌండ్ విలుకాండ్రు వాడే 'రిలీజ్' అనే పరికరం ఆ ఉంగరం చేసిన పనినే చేస్తుంది.

కాంపౌండ్ విల్లును అమెరికాలోని మిస్సోరి రాష్ట్రానికి చెందిన హోలెస్ విల్బర్ ఆలెన్ రూపొందించాడు. 1966లో పేటెంటుకు దరఖాస్తు చేయగా 1969లో లభించింది. 1995 నుండి ప్రపంచ విలువిద్య ఛాంపియన్‌షిప్‌లలోను, 2014 నుండి ఆసియా క్రీడలలోను కాంపౌండ్ విభాగాలు ఉన్నాయి.

పనిచేసే విధానం

విల్లు మధ్యభాగాన్ని రైజర్ అంటారు. దీనిని సాధారణంగా అల్యూమినియంతో చేస్తారు. దానికి పైన, క్రింద అమర్చిన వంగే బద్దలు లింబ్‌లు. లింబ్‌ల కొనలలో కామ్‌లు ఇరుసుల మీద తిరుగుతాయి. కామ్ గుండ్రని చక్రం కాదు. ఇరుసు దాని మధ్యలో కాక ఒక ప్రక్కగా ఉంటుంది.

నారిని లాగినప్పుడు కామ్ తిరుగుతూ కేబుళ్లను చుట్టుకుంటుంది, కేబుళ్లు లింబ్‌లను వంచుతాయి. మొదట బరువు త్వరగా పెరిగి గరిష్ఠ స్థాయికి చేరుతుంది. చివరకు వచ్చేసరికి ఇరుసు నుండి నారికి గల దూరం పెరిగి, కేబులుకు గల దూరం తగ్గుతుంది. పొడవైన పిడి గల మీటతో బరువు ఎత్తటం తేలికైనట్లే ఇక్కడ కూడా చేతికి తగిలే బరువు ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఈ తగ్గుదలను 'లెట్ ఆఫ్' అంటారు. లక్ష్య విల్లులలో ఇది సాధారణంగా 65 నుండి 80 శాతం వరకు ఉంటుంది. 50 పౌన్ల విల్లుకు 80 శాతం లెట్ ఆఫ్ ఉంటే గురి చూసే సమయంలో విలుకాడు మోసేది 10 పౌన్లు మాత్రమే. 65 శాతమైతే 17.5 పౌన్లు.

పోటీ నియమాలు

ప్రపంచ విలువిద్య సమాఖ్య నియమాల ప్రకారం ఆరుబయట కాంపౌండ్ పోటీ 50 మీటర్ల దూరంలో, 80 సెంటీమీటర్ల లక్ష్యంపై జరుగుతుంది. అందులో 10 పాయింట్ల వలయం వ్యాసం 8 సెంటీమీటర్లు. అర్హత రౌండులో 72 బాణాలు, గరిష్ఠంగా 720 పాయింట్లు. తరువాత జరిగే వ్యక్తిగత పోటీలో ఒక్కొక్కరికి 15 బాణాలు, గరిష్ఠంగా 150 పాయింట్లు. విల్లు గరిష్ఠ బరువు 60 పౌన్లు మించరాదు. గురి చూచుటకు భూతద్దం వంటి స్కోప్, నీటి బుడగ మట్టం, యాంత్రిక రిలీజ్ వాడవచ్చు. విద్యుత్ పరికరాలకు అనుమతి లేదు.

పోటీ ఎంత సూక్ష్మమో ఒక ఉదాహరణ వలన తెలుస్తుంది. 2023లో చైనాలోని హాంగ్‌జౌలో జరిగిన 2022 ఆసియా క్రీడల మహిళల వ్యక్తిగత ఫైనల్‌లో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 149–145 తేడాతో దక్షిణ కొరియా క్రీడాకారిణిపై గెలిచింది. అనగా 15 బాణాలలో ఆమె పోగొట్టుకున్నది ఒక్క పాయింటు. ఈ స్థాయిలో కావలసినది ఒకే కదలికను ప్రతిసారీ మార్పు లేకుండా చేయటం. కొలతకు సరిపడని విల్లుతో అది సాధ్యం కాదు.

ఎంపికలో గమనించవలసిన కొలతలు

కుడిచేతి, ఎడమచేతి విల్లు: దీనిని నిర్ణయించేది వ్రాసే చేయి మాత్రమే కాదు, ప్రధానమైన కన్ను కూడా. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దాని గుండా దూరాన ఉన్న వస్తువును చూడాలి. తరువాత ఒక్కొక్క కన్ను మూయాలి. ఏ కన్ను తెరచి ఉన్నప్పుడు వస్తువు సందులోనే కనిపిస్తుందో అది ప్రధానమైన కన్ను. కుడికన్ను ప్రధానమైనవారు సాధారణంగా కుడిచేతితో నారి లాగే విల్లు ఎన్నుకుంటారు. చేయి, కన్ను వేర్వేరు వైపుల ఉన్నవారు కొనడానికి ముందే శిక్షకునితో సంప్రదించాలి.

లాగుడు పొడవు (డ్రా లెంగ్త్): అన్నిటికంటె ముఖ్యమైన కొలత ఇదే. రెండు చేతులు బారగా చాచి, ఒక మధ్యవ్రేలి కొన నుండి రెండవ మధ్యవ్రేలి కొన వరకు అంగుళాలలో కొలిచి 2.5తో భాగిస్తే సుమారు విలువ వస్తుంది. బార 65 అంగుళాలైతే 26, 70 అంగుళాలైతే 28. ఇది ఆరంభానికి మాత్రమే. సరియైన కొలతను శిక్షకుడు విల్లు పట్టించి, ప్రక్కనుండి చూచి నిర్ణయించాలి. పొడవు ఎక్కువైతే విలుకాడు వెనుకకు వాలుతాడు, నారి ముంజేతికి తగులుతుంది. తక్కువైతే భుజాలు పైకి లేస్తాయి, వీపు కండరాలు పనిచేయవు. అర అంగుళం తేడా కూడా గురిలో కనిపిస్తుంది.

కొన్ని విల్లులలో కామ్‌పై ఉన్న మాడ్యూల్ అనే చిన్న భాగాన్ని జరిపి పొడవు మార్చవచ్చు. మరికొన్నింటిలో వేరే మాడ్యూల్ గాని, మొత్తం కామ్ గాని కొనవలసి ఉంటుంది. ఎదిగే వయసు పిల్లలకు ఎక్కువ పరిధిలో మార్చుకోగల విల్లే తగినది. లేనిచో ఎత్తు పెరిగిన కొద్ది కాలానికే ఆ విల్లు పనికిరాకుండా పోతుంది. విదేశీ తయారీ విల్లు, ఉపకరణాలు కలిపితే ఖర్చు లక్షల రూపాయలకు చేరుతుంది గనుక సామాన్య కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

లాగుడు బరువు (డ్రా వెయిట్): నియమం 60 పౌన్ల వరకు అనుమతించినంత మాత్రాన అందరూ అంత బరువు లాగనక్కర లేదు. 50 పౌన్ల విల్లుతో 72 బాణాలు వేయటమంటే ఆ రౌండులో మొత్తం 3,600 పౌన్లు, అనగా 1,630 కిలోలకు పైగా లాగినట్లు. తగిన బరువును గుర్తించటానికి సులభమైన పరీక్ష ఒకటి ఉన్నది. శిక్షకుని ఎదుట, బాణం ఎక్కించి, లక్ష్యం వైపు విల్లు నిలిపి, చేతులు ఆకాశం వైపు ఎత్తకుండా నారిని నిదానంగా లాగగలగాలి. అర నిమిషం నిలిపి, బాణం వదలకుండా నిదానంగా వెనుకకు దించగలగాలి. దించేటప్పుడు లెట్ ఆఫ్ వలన తగ్గిన బరువు హఠాత్తుగా తిరిగి వస్తుంది. శక్తికి మించిన విల్లైతే అది చేతిని ముందుకు గుంజి భుజానికి గాయం చేస్తుంది. లింబ్ మరలు సడలించి చాలా విల్లులలో బరువును కొంత తగ్గించవచ్చు. తక్కువ బరువుతో మొదలుపెట్టి క్రమంగా పెంచటం ఉత్తమం.

ఇరుసుల మధ్య దూరం: లక్ష్య విల్లులలో ఇది సాధారణంగా 36 నుండి 40 అంగుళాలు, వేట విల్లులలో అంతకంటె తక్కువ. పొడవైన విల్లు చేతిలో తక్కువగా ఊగుతుంది. లాగినప్పుడు నారి మరీ వాడియైన కోణంలో వంగదు గనుక ముఖానికి ఆనించుటకు అనువుగా ఉంటుంది. పొట్టివారికి దీనికంటె తక్కువ పొడవు సరిపోవచ్చు.

బ్రేస్ హైట్: లాగని స్థితిలో పిడి నుండి నారికి గల దూరం ఇది. ఈ దూరం ఎక్కువైతే బాణం నారిని త్వరగా వదలి వెళుతుంది. కావున చేతి పొరపాటు ప్రభావం తగ్గుతుంది, దానికి బదులు కొంత వేగం తగ్గుతుంది. లక్ష్య విల్లుకు సుమారు 7 అంగుళాలు అనువైనది.

వేగం: తయారీదారుల ప్రకటనలలో కనిపించే వేగం సాధారణంగా 70 పౌన్ల బరువు, 30 అంగుళాల పొడవు, 350 గ్రెయిన్ల బాణంతో కొలిచినది. 26 అంగుళాలు, 45 పౌన్లు లాగే విద్యార్థికి ఆ వేగం రాదు. పైగా లక్ష్య పోటీలో దూరం ముందుగానే తెలుసు. సైట్‌ను 50 మీటర్లకు సరిచేసిన తరువాత వేగం కంటె నిలకడే ఎక్కువ పాయింట్లు తెస్తుంది.

బాణాలు, ఉపకరణాలు

విల్లుకు తగిన బాణం లేకపోతే మంచి విల్లు కూడా వృథా. బాణపు కాడ ఎంత వంగుతుందో తెలిపే సంఖ్యను స్పైన్ అంటారు. 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాలపై కాడను ఉంచి, మధ్యలో 1.94 పౌన్ల బరువు వ్రేలాడదీస్తే అది అర అంగుళం వంగితే స్పైన్ 500. సంఖ్య చిన్నదైన కొద్దీ బాణం గట్టిది. విల్లు బరువులో ప్రతి పౌనుకు బాణం కనీసం 5 గ్రెయిన్ల బరువుండాలని సాధారణ సూత్రం. 50 పౌన్ల విల్లుకు 250 గ్రెయిన్లు, అనగా సుమారు 16 గ్రాములు. మరీ తేలిక బాణం విల్లుకు హాని చేస్తుంది.

సైట్, స్కోప్, నారిలో అమర్చే పీప్, స్టెబిలైజర్లు, రిలీజ్ అనేవి తప్పనిసరి ఖర్చులు. ఉన్న డబ్బంతా విల్లుకే పెట్టి వీటిని మరచిపోరాదు. రిలీజ్‌లు చూపుడువ్రేలివి, బొటనవ్రేలివి, చేయి తిరగటంతో వదిలేవి అని పలు రకాలు. క్రొత్తవారు ఏది వాడాలో శిక్షకుడు నిర్ణయించటం మంచిది.

వాడిన విల్లు కొనేటప్పుడు

సీనియర్ క్రీడాకారుల వద్ద విల్లు కొనటం ఖర్చు తగ్గించే మార్గమే. అయితే మొదట లాగుడు పొడవు పరిధిని చూడాలి. పరిధి సరిపోకపోతే ఎంత చౌకగా వచ్చినా కొనరాదు. లింబ్‌లపై దూదిని మెల్లగా రాస్తే, సన్నని పగుళ్లున్న చోట దూదిపోగులు చిక్కుకుంటాయి. కామ్‌లు వంకర పోయినవా, నారి, కేబుళ్లు పీచు లేచినవా అని పరిశీలించాలి. నారి మార్చుటకు బో ప్రెస్ అనే యంత్రం కావాలి. అది అందుబాటులో ఉన్న శిక్షణ కేంద్రమేదో, ఆ విల్లు విడిభాగాలు దొరుకుతాయో లేదో ముందే తెలుసుకోవాలి.

భద్రత

బాణం లేకుండా నారిని లాగి ఎన్నడూ వదలరాదు. బాణానికి అందవలసిన శక్తి విల్లులోనే మిగిలి లింబ్‌లు పగలవచ్చు, నారి తెగవచ్చు. కాంపౌండ్ విల్లు బాణం వందల మీటర్లు పోగలదు. అందుచేత పాతబస్తీ వంటి ఇరుకైన ప్రాంతాలలో మేడల మీద, గల్లీలలో అభ్యాసం చేయరాదు. ఇంటివద్ద రబ్బరు పట్టీతో లాగుడు భంగిమను అభ్యసించి, బాణాలను వెనుక అడ్డు గల మైదానంలోనే వేయాలి. వేసవిలో మూసిన కారులో విల్లును ఉంచితే వేడికి నారి సాగి, అమరిక మారిపోతుంది.

రికర్వా, కాంపౌండా?

విల్లు కొనే ముందు తల్లిదండ్రులు వేసుకోవలసిన ప్రశ్న ఇది. 2024 వరకు ఒలింపిక్ క్రీడలలో కాంపౌండ్ విభాగం లేదు. 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిశ్రమ జట్టు పోటీని చేర్చుతూ 2025లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయించింది. వ్యక్తిగత పోటీ మాత్రం అందులో లేదు. అయినను తెలుగు క్రీడాకారులకు ఈ విభాగం అచ్చివచ్చింది. జ్యోతి సురేఖ హాంగ్‌జౌలో వ్యక్తిగత, జట్టు, మిశ్రమ జట్టు విభాగాలు మూడింటిలోను స్వర్ణాలు సాధించింది. అంతకుముందు, 2023 ఆగస్టులో బెర్లిన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో స్వర్ణం గెలిచిన భారత మహిళల జట్టులోను ఆమె ఉన్నది. తెలంగాణలోని పెద్దపల్లి జిల్లాకు చెందిన తానిపర్తి చికిత 2025లో కెనడాలోని విన్నిపెగ్‌లో 21 ఏళ్లలోపు మహిళల కాంపౌండ్ విభాగంలో ప్రపంచ యువ విజేతగా నిలిచింది.

విల్లు శరీరానికి సరిపోవటమనే సూత్రానికి గొప్ప నిదర్శనం జమ్మూ కాశ్మీరుకు చెందిన శీతల్ దేవి. పుట్టుకతోనే చేతులు లేని ఆమె కుడి కాలితో విల్లు పట్టి, భుజంతో నారి లాగుతుంది. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేష్ కుమార్‌తో కలసి కాంపౌండ్ మిశ్రమ జట్టు కాంస్య పతకం సాధించింది. శరీరానికి తగినట్లుగా అమర్చిన కాంపౌండ్ విల్లుతోనే ఇది సాధ్యమైనది.

ఇవి కూడా చూడండి

విలువిద్య
వెన్నం జ్యోతి సురేఖ
సాలార్‌జంగ్ మ్యూజియం
చార్‌కమాన్