ఇంటి పాటల భాండాగారానికి ఏ చిన్న కంప్యూటర్ తగును?

కోల్‌కతా: గ్రామఫోన్ కంపెనీ భారతదేశంలో తన తొలి రికార్డింగులను 1902 నవంబరులో ఈ నగరంలోనే జరిపింది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ పర్యవేక్షణలో గౌహర్ జాన్ పాడిన పాటలను జర్మనీలోని హానోవర్‌కు పంపి, అక్కడ రికార్డులుగా ముద్రించి తెప్పించవలసి వచ్చింది. ఆ ప్రయాస తప్పించేందుకు 1908లో సియాల్దాలో, ఆ తరువాత దమ్‌దమ్‌లో కర్మాగారాలు వెలిశాయి. తెలుగు ఇళ్లలో మిగిలిన పాత ఎల్‌పీ రికార్డుల అట్టలపై ‘దమ్‌దమ్’ అన్న పేరు ఇప్పటికీ కనిపిస్తుంది. తెలుగు చిత్రసీమకూ ఈ నగరంతో బంధమున్నది. 1934 నాటి ‘లవకుశ’ను సి. పుల్లయ్య ఇక్కడి ఈస్ట్ ఇండియా ఫిల్మ్ కంపెనీకే రూపొందించారు.

ఆ తరం శబ్దసంపదలో ఎంతో భాగం నేడు అటకల మీద, బీరువాల అడుగున ఉన్నది. వంగదేశపు వానాకాలంలో గాలిలోని తేమకు క్యాసెట్ టేపులపై బూజు పడుతుంది. రికార్డుల అట్టలు ఉబ్బుతాయి. టేపు బాగున్నా దానిని వినిపించే యంత్రం దొరకడం కష్టమవుతున్నది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంలోని స్కూల్ ఆఫ్ కల్చరల్ టెక్స్ట్స్ అండ్ రికార్డ్స్ వంటి సంస్థలు హిందుస్తానీ సంగీతపు పాత రికార్డింగులను డిజిటల్ రూపంలో భద్రపరుస్తున్నాయి. అయితే తాతగారి హరికథ టేపునో, పెళ్లినాటి నాదస్వరాన్నో ఏ విశ్వవిద్యాలయమూ భద్రపరచదు. ఆ పని ఇంటివారే చేసుకోవాలి. ఇందుకు అరచేతిలో ఇమిడే చిన్న కంప్యూటర్ సరిపోతుంది. పాటలు, చిత్రాలు అందులో నిల్వ ఉంటాయి. ఇంట్లోని ఫోను, టీవీ, స్పీకర్లు వైఫై ద్వారా వాటిని అందుకుంటాయి. దీనినే హోమ్ మీడియా సర్వర్ అంటున్నారు.

కొనేముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒక్కటే: పాటలు మాత్రమేనా, వీడియోలు కూడానా?

పాటలకైతే చాలా స్వల్ప సామర్థ్యం చాలు. 2019లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై 4, అందునా 2 జీబీ మెమరీ గలది, వేల పాటల సంగ్రహాన్ని సునాయాసంగా నడుపుతుంది. నావిడ్రోమ్, లిరియన్ మ్యూజిక్ సర్వర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు దానిపై పనిచేస్తాయి. ‘సంగీత ప్రియుల కోసం ప్రత్యేకం’ అంటూ అధిక ధరలకు అమ్మే సర్వర్ల వల్ల నాదం మెరుగుపడుతుందన్న ప్రచారాన్ని నమ్మనవసరం లేదు. ఫైలులోని అంకెలు ఏ కంప్యూటర్ నుంచి వచ్చినా అవే. వాటిని శబ్దంగా మార్చే డాక్ పరికరం, ఆంప్లిఫయర్, స్పీకర్లే నాణ్యతను నిర్ణయిస్తాయి. కంప్యూటర్‌పై మిగిల్చిన సొమ్మును స్పీకర్లకు వెచ్చించడం మేలు. పై 5లో హెడ్‌ఫోన్ రంధ్రం లేనందున, స్పీకర్లను నేరుగా దానికే కలపదలచినవారు యూఎస్‌బీ డాక్‌ను విడిగా కొనవలసి ఉంటుంది.

వీడియోల సంగతి వేరు. సర్వర్‌లోని చిత్రం ఏ రూపంలో ఉన్నదో, ఆ రూపాన్ని టీవీ నేరుగా చదవగలిగితే సర్వర్‌కు శ్రమ ఉండదు. చదవలేకపోతే సర్వర్ అప్పటికప్పుడు చిత్రాన్ని మరో రూపంలోకి మార్చి పంపాలి. దీనికి ట్రాన్స్‌కోడింగ్ అని పేరు. చిన్న యంత్రాలు చతికిలపడేది ఇక్కడే. 2023లో విడుదలైన పై 5లో వీడియోను మార్చి కూర్చే ప్రత్యేక ఎన్‌కోడర్ లేదు; ఆ భారమంతా ప్రాసెసర్ మీదనే పడుతుంది. అదే సంవత్సరం వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్‌లో క్విక్ సింక్ అనే విభాగం ఈ పనికే ఉన్నది. కనుక జెల్లీఫిన్ వంటి సాఫ్ట్‌వేర్‌తో ఇంటిల్లిపాదీ చిత్రాలు చూడదలచుకుంటే ఎన్100 గల మినీ కంప్యూటరే తగిన ఎంపిక.

మూలనున్న పాత డెస్క్‌టాప్ సరిపోదా అన్న సందేహం సహజం. సరిపోతుంది, కాని సర్వర్ రేయింబవళ్లు నడిచే యంత్రం. పది వాట్ల మినీ కంప్యూటర్ నెలకు సుమారు 7 యూనిట్లు వాడితే, ఎనభై వాట్ల డెస్క్‌టాప్ 58 యూనిట్ల వరకు వాడుతుంది. యూనిట్ ఎనిమిది రూపాయలనుకుంటే మొదటిదానికి 58 రూపాయలు, రెండవదానికి దాదాపు 460 రూపాయలు అవుతుంది. కార్యాలయాలు వదిలించుకున్న చిన్నపాటి డెస్క్‌టాప్‌లు మధ్యేమార్గం. కోల్‌కతాలో చాందినీ చౌక్ దుకాణాలలో ఇటువంటి వాడిన సామగ్రి దొరుకుతుంది. బేరం కుదిరే ముందు యంత్రాన్ని అరగంట నడిపించి, ఫ్యాను మోత, వేడి గమనించాలి. అసలు అడాప్టర్ ఇస్తున్నారో లేదో అడగాలి.

నిల్వకు ఎంత చోటు కావాలి? గంట నిడివి గల సీడీలో సుమారు 635 ఎంబీల సమాచారం ఉంటుంది. నాణ్యత ఏమాత్రం తగ్గని ఫ్లాక్ రూపంలో అది చాలావరకు 400 ఎంబీలకు లోపే ఒదుగుతుంది. ఐదు వందల సీడీలకు 200 జీబీలు చాలునన్నమాట. ఎల్‌పీని 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో రికార్డు చేస్తే మాత్రం కుదించకముందు గంటకు 2 జీబీలు దాటుతుంది. రాస్‌ప్‌బెర్రీ పై వాడేవారు పాటలను మెమరీ కార్డు మీద ఉంచరాదు. నిరంతరం రాతలు జరిగితే ఆ కార్డులు త్వరగా అరిగిపోతాయి. హఠాత్తుగా కరెంటు పోతే ఫైళ్లు చెడిపోతాయి. యూఎస్‌బీ ద్వారా కలిపే ఎస్‌ఎస్‌డీ ఉత్తమం. కాలబైశాఖి గాలివానల వేళ సరఫరా నిలిచిపోయే వీధుల్లో ఉండేవారికి చిన్న యూపీఎస్ కూడా అవసరమే.

సర్వర్‌లో ఉన్నంత మాత్రాన పాట భద్రమైనట్లు కాదు. డిస్కు ఒకనాడు మొరాయించక తప్పదు. రెండవ ప్రతిని విడి హార్డ్ డిస్కులోకి తీసి, వీలైతే వేరే ఊళ్లోని బంధువుల ఇంట ఉంచాలి. ఇంటిలోని టేపుకు మరో ప్రతి ఎక్కడా ఉండదు గనుక డిజిటల్ రూపంలోకి మార్చిన తరువాత కూడా అసలు టేపును పారవేయకుండా, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూసిన డబ్బాలో దాచడం మంచిది.

చట్టం విషయం మరవరాదు. భారత కాపీరైట్ చట్టం ప్రకారం శబ్దముద్రణ ప్రచురితమైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లపాటు హక్కులు అమలులో ఉంటాయి. సాహిత్యం, స్వరరచనల హక్కులు అంతకుమించి కొనసాగవచ్చు. సొంతంగా వినడం వేరు, అందరికీ పంచడం వేరు. ఇంటి సర్వర్‌ను నేరుగా ఇంటర్నెట్‌కు తెరిచి ఉంచడం భద్రత రీత్యా కూడా ప్రమాదకరం. ఊరు వెళ్లినప్పుడు వినదలచినవారు వీపీఎన్ ద్వారా లోనికి ప్రవేశించే ఏర్పాటు చేసుకోవచ్చు.